పిల్లల పాలియేటివ్ కేర్‌లో నర్సు ఏం సిద్ధం చేసుకోవాలి, ఎలా చేయాలి

నయం కాని జబ్బుతో ఉన్న బిడ్డకు నొప్పి పెరగడానికీ, ఫిట్స్ రావడానికీ, ఊపిరి అందకపోవడానికీ వేళాపాళా ఉండదు. ఆ సమయానికి డోసు లెక్కకట్టి, చార్టులో రాసి, మందు మంచం పక్కనే ఉంటే బిడ్డకు నిమిషాల్లో ఊరట దొరుకుతుంది. అప్పుడు డాక్టరుకు ఫోన్ చేసి, బరువు వెతికి, మందు తెప్పించాలంటే గంట గడిచిపోతుంది. ఆ గంటంతా బాధపడేది బిడ్డే. అందుకే ఈ పనిలో నర్సు నైపుణ్యం చాలావరకు ముందే సిద్ధంగా ఉండటంలో ఉంది. ఇక్కడ ఇచ్చిన మోతాదులు మీరు లెక్క సరిచూసుకోవడానికి మాత్రమే. మందు రాయాల్సింది డాక్టరు. మీ ఆసుపత్రి పద్ధతి వేరుగా ఉంటే దాన్నే పాటించండి.

ముందుగా ఒక అపోహ పోవాలి. పాలియేటివ్ కేర్ అంటే నయం కాని జబ్బులో బాధను తగ్గించే సంరక్షణ, ఆఖరి వారం వైద్యం కాదు. జబ్బు తేలిన రోజు నుంచే అది మొదలవ్వాలని, జబ్బుకు చికిత్స జరుగుతున్నా ఆగిపోయినా కొనసాగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. క్యాన్సర్ పిల్లలు ఇందులో ఒక భాగమే. పుట్టుకతో గుండె లోపం ఉన్నవాళ్లు, కండరాలు క్షీణించే జబ్బు ఉన్నవాళ్లు, జన్యు జబ్బులతో పుట్టినవాళ్లు, మెదడు దెబ్బతిని కదల్లేనివాళ్లు ఏళ్ల తరబడి మీ దగ్గరికి వస్తారు. వాళ్ల తల్లిదండ్రులు మిమ్మల్ని మొదటిసారి చూసేది బిడ్డ చావుబతుకుల్లో ఉన్నప్పుడైతే, మీరు చెప్పే ఏ మాటా వాళ్లకు ఎక్కదు.

మొదటి రోజు ఒక పేజీ రాయండి

ఈ పేజీ ఫైలు ముందు భాగంలో, ఏ షిఫ్టు వాళ్లకైనా కనిపించేలా ఉండాలి. పైన కిలోల్లో బరువు, తూచిన తేదీ. పిల్లల మందులు చాలావరకు బరువును బట్టే ఇస్తాం కాబట్టి రెండు నెలల కిందటి బరువుతో లెక్కకడితే చిక్కిపోయిన బిడ్డకు డోసు ఎక్కువైపోతుంది. లేవలేని బిడ్డను తల్లి ఎత్తుకుని తూకం మీద నిలబడితే చాలు. తర్వాత తల్లి ఒక్కర్తే నిలబడ్డ బరువు అందులోంచి తీసేయండి. ఒళ్లు నీరు పట్టి ఉంటే ఆ సంగతి పక్కన రాయండి.

దాని కింద అలర్జీలు, ఇప్పుడు వాడుతున్న మందులు, మూత్రపిండాలు, కాలేయం ఎలా ఉన్నాయి, బిడ్డ నోటితో మింగగలడా, ట్యూబు ఉందా అన్నవి రాయండి. ఆపైన బిడ్డ మామూలుగా ఎలా ఉంటాడో రాయాలి: ఎంత మాట్లాడతాడు, ఎలా పడుకుంటాడు, ఎప్పుడు నవ్వుతాడు, ఏం చేస్తే ఊరుకుంటాడు, ఇంట్లో ఏమని పిలుస్తారు. తల్లిని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "అమ్మా, బాబుకు నొప్పిగా ఉంటే మీకు ఎలా తెలుస్తుంది?" ఆమె ఏ మాటల్లో చెప్పిందో ఆ మాటల్లోనే రాసుకోండి. "ఎడమ చేతిని కొరుక్కుంటాడు", "పళ్లు నూరుతుంది", "అసలు కదలకుండా అయిపోతుంది" లాంటి ఒక్క వాక్యం ఏ నొప్పి స్కేలు కంటే తక్కువ కాదు.

చివరగా నిర్ణయం తీసుకునేది ఎవరు, రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి, పరిస్థితి విషమిస్తే ఏం చేయాలని కుటుంబం, డాక్టరు కలిసి అనుకున్నారు అన్నవి తేదీతో, సంతకంతో ఉండాలి. ఇంకా మాట్లాడకపోతే "మాట్లాడలేదు" అనే రాయండి. ఖాళీగా వదిలిన గడిని ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకుంటారు.

నొప్పిని కొలవడం

వయసును బట్టి స్కేలు మారుతుంది. సుమారు 8 ఏళ్లు దాటి, అంకెలు తెలిసిన బిడ్డను 0 నుంచి 10 దాకా ఎంత ఉందో అడగొచ్చు. 4 ఏళ్ల నుంచి ముఖాల స్కేలు వాడొచ్చు. ఆరు ముఖాలుంటాయి, 0, 2, 4, 6, 8, 10 అని లెక్క. మొదటి బొమ్మ నవ్వుతూ, చివరిది కన్నీళ్లతో ఉన్న స్కేలు కంటే, నవ్వూ కన్నీళ్లూ లేని స్కేలు మేలు. లేకపోతే నొప్పి లేకపోయినా దిగులుగా ఉన్న బిడ్డ ఏడుపు ముఖాన్ని చూపిస్తాడు.

మాటలు రాని పిల్లలకు, 2 నెలల నుంచి 7 ఏళ్ల దాకా, ఫ్లాక్ స్కేలు వాడతారు. ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకోవడం అనే ఐదు అంశాలకు ఒక్కోదానికి 0 నుంచి 2 మార్కులు, మొత్తం 10. 1 నుంచి 3 దాకా తక్కువ నొప్పి, 4 నుంచి 6 దాకా మధ్యస్థం, 7 నుంచి 10 దాకా తీవ్రం. బిడ్డ మెలకువగా ఉంటే దుప్పటి తీసి కాళ్లు, ఒళ్లు కనిపించేలా కనీసం 2 నుంచి 5 నిమిషాలు చూడాలి. నిద్రలో ఉంటే 5 నిమిషాలు. గుమ్మంలోంచి చూసి వేసిన మార్కు లెక్కలోకి రాదు. మెదడు ఎదుగుదల లోపమున్న పిల్లలకు ఈ స్కేలులోనే సవరించిన రూపం ఉంది. అందులో తల్లి చెప్పిన ప్రత్యేక గుర్తులను చేర్చుకోవచ్చు.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు గురించి వివరంగా చెప్పాలి. నొప్పి రోజుల తరబడి సాగితే బిడ్డ ఏడవడం మానేస్తాడు. కదలడు, ఆడడు, పలకరిస్తే చూడడు, ముఖంలో ఏ భావమూ ఉండదు. ఫ్లాక్ మార్కు 1 వస్తుంది, చార్టులో "ప్రశాంతంగా ఉన్నాడు" అని పడుతుంది. నిజానికి కదిలితే నొప్పి కాబట్టి ఆ బిడ్డ కదలడం లేదు. అనుమానం వస్తే డాక్టరును అడిగి నొప్పి మందు సరైన డోసు ఇప్పించి, గంట తర్వాత మళ్లీ చూడండి. బొమ్మ కోసం చెయ్యి చాపినా, తల తిప్పి మీ వైపు చూసినా, ఇంతసేపూ ఉన్నది నొప్పే.

మాటలు రాని బిడ్డ ఒక్కసారిగా గుక్కపట్టి ఏడుస్తుంటే జబ్బు ముదిరిందని తేల్చేయకండి. తల నుంచి పాదాల దాకా వెతకండి: కంట్లో నలుసు లేదా గీత, చెవిపోటు, పుచ్చు పన్ను, నోటి పుండ్లు, పొట్టలోంచి పైకి తన్నే పులుపు, ట్యూబు చుట్టూ పుండు, గట్టిపడ్డ మలం, నిండిపోయిన మూత్రాశయం, తుంటి ఎముక జారడం, ఎముక విరగడం. చాలా ఏళ్లుగా నడవని పిల్లల ఎముకలు డైపర్ మారుస్తుండగానే విరగొచ్చు.

నొప్పి మందు ఇచ్చే పద్ధతి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో పిల్లల నొప్పికి రెండు మెట్ల పద్ధతి సూచించింది (ఆ మార్గదర్శకాన్ని 2019లో ఉపసంహరించుకుంది). తక్కువ నొప్పికి పారాసిటమాల్ లేదా ఐబూప్రొఫెన్. మధ్యస్థం, తీవ్రం అయితే నేరుగా మార్ఫిన్ లాంటి బలమైన మందు. మధ్యలో కోడీన్ మెట్టు పిల్లలకు లేదు. కోడీన్ ఒంట్లో మార్ఫిన్‌గా మారితేనే పనిచేస్తుంది, ఆ మార్పు ఒక్కో బిడ్డలో ఒక్కోలా జరుగుతుంది. కొందరిలో అసలు పనిచేయదు. కొందరిలో ఒక్కసారిగా మారి ఊపిరి ఆగే ప్రమాదం తెస్తుంది.

పారాసిటమాల్ కిలోకు 10 నుంచి 15 మి.గ్రా., 4 నుంచి 6 గంటలకోసారి, 24 గంటల్లో 4 డోసులు మించకుండా. ఐబూప్రొఫెన్ 3 నెలలు దాటిన పిల్లలకు కిలోకు 5 నుంచి 10 మి.గ్రా., 6 నుంచి 8 గంటలకోసారి. ప్లేట్‌లెట్లు తక్కువున్నా, మూత్రపిండాలు దెబ్బతిన్నా ఐబూప్రొఫెన్ ఇచ్చే ముందు డాక్టరును అడగండి. రక్తకణాలు పడిపోయిన బిడ్డకు మలద్వారం గుండా ఏ మందూ ఇవ్వకండి. చిన్న గీత పడినా రక్తం కారుతుంది, ఇన్ఫెక్షన్ పాకుతుంది.

మార్ఫిన్ నోటి ద్వారా మొదలుపెట్టేటప్పుడు ఆ 2012 పట్టిక ప్రకారం 1 నుంచి 2 ఏళ్ల వాళ్లకు కిలోకు 0.2 నుంచి 0.4 మి.గ్రా., 2 నుంచి 12 ఏళ్ల వాళ్లకు 0.2 నుంచి 0.5 మి.గ్రా., 4 గంటలకోసారి. మొదటి డోసు 5 మి.గ్రా. దాటకూడదు. ఏడాదిలోపు పసివాళ్లకు ఇంతకంటే బాగా తక్కువ మోతాదు, దగ్గరుండి గమనించడం అవసరం. మూత్రపిండాలు పనిచేయకపోతే మార్ఫిన్ నుంచి వచ్చే పదార్థాలు ఒంట్లో పేరుకుపోతాయి, కాబట్టి డాక్టరు వేరే మందు ఎంచుకోవచ్చు.

లెక్క ఇలా కట్టండి. బిడ్డ బరువు 12 కిలోలు, డాక్టరు కిలోకు 0.2 మి.గ్రా. రాశారు.

1. 12 × 0.2 = 2.4 మి.గ్రా. ఇది ఒక డోసు.
2. సీసా మీద 5 మి.లీ.లో 10 మి.గ్రా. అని ఉంది, అంటే 1 మి.లీ.లో 2 మి.గ్రా.
3. 2.4 ÷ 2 = 1.2 మి.లీ. ఇది సిరంజిలోకి తీయాల్సింది.
4. ఇదే లెక్కను రెండో నర్సు మీ జవాబు చూడకుండా విడిగా కట్టాలి. మీరు కట్టిన లెక్క చూసి తలూపితే అది సరిచూడటం కాదు.

పిల్లల మార్ఫిన్‌లో ప్రాణం తీసే పొరపాటు చుక్క తప్పిపోవడం, డోసు పదింతలు కావడం. "0.5" అని రాయండి, ".5" అని వద్దు. చుక్క కనిపించకపోతే అది 5 అవుతుంది. "5" అని రాయండి, "5.0" అని వద్దు, అది 50 అవుతుంది. మి.గ్రా., మి.లీ. రెండూ ప్రతిసారీ పక్కపక్కనే రాయాలి. ఫార్మసీ వేరే బలం ఉన్న సీసా పంపిన రోజే ప్రమాదం జరుగుతుంది, కాబట్టి ప్రతి కొత్త సీసాకు లెక్క మళ్లీ కట్టండి. నోటి మందును సూది తగిలించడానికి వీల్లేని నోటి సిరంజితోనే తీయండి. ఇంటికి పంపేటప్పుడు చెంచా కొలతలు చెప్పకండి. సిరంజి మీద ఎక్కడిదాకా తీయాలో టేపు అంటించి చూపించి, తల్లి చేత మీ ముందే ఒకసారి తీయించండి.

మందు గడియారం ప్రకారం ఇవ్వాలి, నొప్పి వచ్చాక కాదు. రాత్రి డోసు కూడా అంతే. బిడ్డ నిద్రపోతున్నాడని మానేస్తే తెల్లవారుజామున నొప్పితో లేస్తాడు, అప్పుడు అదుపులోకి తేవడానికి ఇంకా ఎక్కువ మందు కావాలి. మధ్యలో వచ్చే నొప్పికి అదనపు డోసు ముందే రాసి ఉండాలి. సాధారణంగా రోజు మొత్తం మోతాదులో 5 నుంచి 10 శాతం. పై ఉదాహరణలో రోజుకు 6 డోసులు, మొత్తం 14.4 మి.గ్రా. అదనపు డోసు 1.2 మి.గ్రా. అనుకుందాం. 24 గంటల్లో మూడుసార్లు ఇచ్చారు: 3.6 మి.గ్రా. మొత్తం 18 మి.గ్రా. దాన్ని 6తో భాగిస్తే కొత్త డోసు 3 మి.గ్రా. మీరు అదనపు డోసులను టైముతో సహా రాసిపెట్టకపోతే డాక్టరు ఈ లెక్క కట్టలేరు. మందు ఇచ్చాక నోటి ద్వారానైతే గంటకు, రక్తనాళం ద్వారానైతే 15 నుంచి 20 నిమిషాలకు మళ్లీ నొప్పి కొలవండి.

మార్ఫిన్ మొదలైన రోజే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా మొదలవ్వాలి. నిద్రమత్తు రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది, మలబద్ధకం మాత్రం మందు ఉన్నంతకాలం ఉంటుంది. దురద, మూత్రం ఆగిపోవడం పెద్దవాళ్లకంటే పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తాయి. 8 గంటలుగా మూత్రం పోయకపోతే పొత్తికడుపు తడిమి చూడండి. డోసు ఎక్కువైతే మొదట కనిపించేది ఊపిరి తగ్గడం కాదు, మత్తు. లేపితే లేవకపోవడం, కంటిపాప చుక్కలా కుంచించుకుపోవడం, చేతులు కాళ్లు ఉలిక్కిపడటం చూస్తే తర్వాతి డోసు ఆపి డాక్టరును పిలవండి. మార్ఫిన్‌కు విరుగుడైన నాలోక్సోన్ అవసరమైతే బాగా పలచన చేసి, కిలోకు 1 మైక్రోగ్రాము చొప్పున, ఊపిరి మెరుగుపడేదాకా కొద్దికొద్దిగా ఇస్తారు. పూర్తి డోసు ఒకేసారి ఇస్తే అణిగి ఉన్న నొప్పంతా ఒక్కసారిగా తిరగబడుతుంది.

"సిస్టర్, పాపకు అలవాటైపోతుందేమో" అని తల్లిదండ్రులు తప్పకుండా అడుగుతారు, లేదా అడక్కుండా ఇంట్లో డోసులు తగ్గించేస్తారు. నొప్పికి సరైన మోతాదులో వాడితే వ్యసనం కాదని, కొన్ని వారాలు వాడాక ఆపాల్సి వస్తే మెల్లగా తగ్గిస్తామని, డాక్టరును అడగకుండా ఒక్కసారిగా ఆపొద్దని వాళ్లు అడగకముందే చెప్పండి.

సూది గుచ్చే ముందు

ముందు అడగాల్సింది: ఈ రక్త పరీక్ష ఫలితం వస్తే మనం చేసేది ఏమైనా మారుతుందా? మారకపోతే సూది ఎందుకు? తప్పనిసరైతే మత్తు క్రీము రాసి, పైన మూసి, 60 నిమిషాలు ఆగండి. 10 నిమిషాలకే గుచ్చితే క్రీము రాయనట్టే. పసివాళ్లకు 24 శాతం చక్కెర ద్రావణం కొన్ని చుక్కలు 2 నిమిషాల ముందు నాలుక మీద వేయండి. అది నోటిలోని తీపి వల్ల పనిచేస్తుంది, ట్యూబులో వేస్తే ఫలితం ఉండదు. బిడ్డను మంచం మీద అదిమి పట్టకుండా తల్లి ఒళ్లో కూర్చోబెట్టి చేయండి.

ట్యూబు, నోరు, చర్మం

ముక్కు ట్యూబు వేశాక ప్రతిసారీ తినిపించే ముందు పైకి లాగిన ద్రవాన్ని పులుపు (ఆమ్లం) కొలిచే పీహెచ్ పట్టీతో చూడండి. 5.5 లేదా అంతకంటే తక్కువ ఉండాలి. పులుపు తగ్గించే మందు వాడుతున్న బిడ్డలో ఆ అంకె ఎక్కువ రావచ్చు, అప్పుడు ఊహించి పోయకుండా డాక్టరును అడగండి. గాలి ఊది పొట్ట మీద శబ్దం వినడం నమ్మదగిన పద్ధతి కాదు. తల వైపు 30 డిగ్రీలు ఎత్తి ఉంచండి. మందుకూ మందుకూ మధ్య నీళ్లు పోసి ట్యూబు కడగండి. నిదానంగా కరిగే మాత్రలను ఎప్పుడూ నలగ్గొట్టకండి. 12 గంటల మార్ఫిన్ ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది.

నోటిని 2 నుంచి 4 గంటలకోసారి తడి స్పాంజితో తుడవండి. తల్లికి నేర్పితే ఆమె ఇష్టంగా చేస్తుంది. తెల్లటి పూత కనిపిస్తే ఫంగస్ మందు అడగండి, పాలు తాగిన తర్వాత వేయండి, ముందు వేస్తే కడుక్కుపోతుంది. పసివాళ్లలో ఒళ్లు ఒరిసే పుండు నడుము దగ్గర కంటే తల వెనుక ముందు పడుతుంది, ఎందుకంటే వాళ్ల బరువులో తల వాటా ఎక్కువ. చెవుల అంచులు, ట్యూబు టేపు కింద, మాస్కు ముక్కుకు ఆనేచోటు, ఆక్సిజన్ కొలిచే వేలి ప్రోబు కింద కూడా చూడండి.

మంచం పక్కన పెట్టె

విషమించే అవకాశం ఉన్న ప్రతి బిడ్డకూ పేరు రాసిన పెట్టె ఒకటి సిద్ధం చేయండి. మత్తుమందులు ఉంటాయి కాబట్టి తాళం వేసి, లెక్క పుస్తకంలో రాసి ఉంచండి. అందులో ఏముండాలన్నది జబ్బును బట్టి డాక్టరుతో కలిసి నిర్ణయించాలి.

ఫిట్స్‌కు: చెంప లోపల వేసే మిడజోలామ్. 3 నుంచి 11 నెలల వాళ్లకు 2.5 మి.గ్రా., 1 నుంచి 4 ఏళ్లకు 5, 5 నుంచి 9 ఏళ్లకు 7.5, 10 ఏళ్లు దాటితే 10 మి.గ్రా. అన్నది బాగా వాడుకలో ఉన్న మోతాదు. ఫిట్స్ 5 నిమిషాలు దాటితే బిడ్డను పక్కకు తిప్పి, చిగుళ్లకూ చెంపకూ మధ్య మెల్లగా, వీలైతే సగం ఒకవైపు, సగం రెండో వైపు వేయండి. ఒక్కసారిగా చిమ్మితే గొంతులోకి పోతుంది. టైము గోడ గడియారంలో చూసి రాయండి. గాభరాలో ఒక నిమిషం పదిలా అనిపిస్తుంది.

ఆయాసానికి: ముందు కూర్చోబెట్టండి, దిండ్లు పెట్టండి, చిన్న ఫ్యాన్ గాలి ముఖానికి తగలనివ్వండి, గదిలో గుంపు తగ్గించండి. ఆక్సిజన్ రక్తంలో తక్కువ ఉన్న బిడ్డకు, పెట్టాక ఊరట కనిపిస్తేనే ఉంచండి. మాస్కు లాగేసుకుంటూ ఏడ్చే బిడ్డకు అది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. నొప్పికిచ్చే దానికంటే తక్కువ డోసు మార్ఫిన్ ఆయాసాన్ని తగ్గిస్తుంది.

గొంతులో గురగురకు: పక్కకు తిప్పి పడుకోబెట్టండి. లోతుగా గొట్టం పెట్టి లాగితే బిడ్డకు బాధ, స్రావం ఇంకా ఊరుతుంది. గ్లైకోపైరోనియం, హయోసిన్ లాంటి మందులు కొత్తగా ఊరేదాన్ని తగ్గిస్తాయి, ఉన్నదాన్ని పోగొట్టలేవు. అందుకే మొదట్లోనే మొదలుపెట్టాలి.

రక్తం కక్కే ప్రమాదం ఉంటే: ముదురు రంగు తువాళ్లు నాలుగైదు. తెల్ల గుడ్డ మీద కొద్దిపాటి రక్తం కూడా బిడ్డను, తల్లిని హడలగొడుతుంది. మత్తు డోసు ముందే లెక్కకట్టి ఉండాలి. అంతకంటే ముఖ్యంగా, ఆ క్షణంలో బిడ్డ దగ్గర ఒకరు ఉండాలి. మందు తేవడానికి వెళ్లేది ఇంకొకరు.

చర్మం కింద సిరంజి పంపు

మింగలేకపోతే, వాంతులు ఆగకపోతే మందును 24 గంటలు చర్మం కింద ఎక్కించొచ్చు. నోటి మార్ఫిన్ రోజు మోతాదులో సగం చర్మం కింద సరిపోతుంది: పై ఉదాహరణలో 18 మి.గ్రా. అయితే 9 మి.గ్రా. సన్నటి సూదిని పొట్ట, తొడ, పై చేయి దగ్గర పెట్టండి. పీకేసుకునే బిడ్డకు వీపు మీద రెక్కల మధ్య. వాపు ఉన్నచోట, కందినచోట, రేడియేషన్ ఇచ్చినచోట పెట్టకండి, మందు ఒంటికి పట్టదు.

పంపు పెట్టగానే ఊరట రాదు, రక్తంలో మందు చేరడానికి గంటలు పడుతుంది. ఆ ఖాళీ పూడ్చడానికి ఒక డోసు విడిగా కావాలా అని డాక్టరును ముందే అడగండి. 4 గంటలకోసారి సూది చోటు ఎర్రబడిందా, గట్టిపడిందా, కారుతోందా, సిరంజిలో ఎంత మిగిలింది, లెక్క ప్రకారం ఉండాల్సినంత ఉందా, బ్యాటరీ ఎంత, ద్రావణం మబ్బు పట్టిందా అని చూసి రాయండి. మందులు కలిపేముందు అవి ఒకదానితో ఒకటి కలుస్తాయో లేదో ఫార్మసిస్టును అడగాలి. వాంతులు ఆపే సైక్లిజిన్‌ను సెలైన్‌తో కలిపితే గడ్డకట్టి అడుగున పేరుకుంటుంది, దాన్ని ఇంజెక్షన్ నీటితో కలపాలి.

మాట్లాడటం

చెప్పే ముందు అడగండి. "డాక్టరు గారు మీకు ఇప్పటిదాకా ఏం చెప్పారమ్మా?" అన్న ప్రశ్నతో మొదలుపెడితే వాళ్లు ఎక్కడున్నారో తెలుస్తుంది. "అన్నీ చేయమంటారా?" అని మాత్రం అడగకండి. వద్దనగల తల్లి ఉండదు. "పాప విషయంలో మీకు అన్నిటికంటే ముఖ్యమైనది ఏమిటి? ఏది జరగకూడదని భయపడుతున్నారు?" అని అడగండి. నిర్ణయాలు ఆ జవాబుల్లోంచే వస్తాయి. జవాబు వచ్చేదాకా మౌనంగా ఉండటం కష్టమైన పనే, అయినా ఉండండి.

పిల్లలు మనం అనుకున్నదానికంటే ఎక్కువ గమనిస్తారు. మూడు నాలుగేళ్ల బిడ్డకు చావు అంటే తిరిగి రాగలిగే ప్రయాణం లాంటిది, ఆ బిడ్డ భయమంతా అమ్మ దగ్గర లేకపోవడం గురించే. ఐదారేళ్ల బిడ్డ తాను చేసిన తప్పుకు శిక్షగా జబ్బు వచ్చిందనుకోవచ్చు. "నువ్వేం చేయడం వల్లా ఇది రాలేదు" అని అడక్కపోయినా చెప్పాలి. తొమ్మిది పదేళ్లకు చావు తిరుగులేనిదని, అందరికీ వస్తుందని తెలుస్తుంది. యుక్తవయసు వాళ్లకు గోప్యత కావాలి, తన గురించి తన ఎదుటే మూడో మనిషిలా మాట్లాడితే వాళ్లు మూసుకుపోతారు.

"సిస్టర్, నేను చచ్చిపోతానా?" అని బిడ్డ అడిగితే "ఛ, అలాంటి మాటలు అనకూడదు" అన్న జవాబు తలుపు మూసేస్తుంది. పక్కన కూర్చుని "అలా ఎందుకు అనిపించింది కన్నా?" అని అడగండి. ఒక్కోసారి పక్క మంచం ఖాళీ అవడం చూసి అడిగి ఉంటుంది. ఒక్కోసారి తెలిసే అడుగుతుంది. అబద్ధం చెప్పకండి, అడగని వివరం కుమ్మరించకండి, బిడ్డ ఏ మాటల్లో అడిగిందో రాసి తల్లిదండ్రులకూ డాక్టరుకూ ఆ రోజే చెప్పండి. "పాపకేం చెప్పొద్దు" అని తల్లిదండ్రులు పట్టుబడితే వాదించకుండా ఎందుకు భయపడుతున్నారో వినండి. తర్వాత, "నేనుగా ఏమీ చెప్పను. కానీ పాపే నన్ను అడిగితే అబద్ధం మాత్రం చెప్పలేనమ్మా. అప్పుడు ఎలా చెబితే బాగుంటుందో మనం ఇప్పుడే అనుకుందాం" అనండి.

అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను మరిచిపోవద్దు. వాళ్లకు చిన్న పని ఒకటి ఇవ్వండి: బొమ్మ తేవడం, కథ చదవడం. జబ్బు తమకు అంటదని, తమ కోపం వల్ల రాలేదని వాళ్లకూ చెప్పాలి. చావును వాళ్లకు నిద్ర అని చెబితే రాత్రి పడుకోవడానికి భయపడతారు.

చివరి రోజులు

ఎక్కువసేపు నిద్ర, మూత్రం తగ్గడం, చేతులు కాళ్లు చల్లబడి చర్మం మీద ఊదారంగు మచ్చలు, ఊపిరి కాసేపు వేగంగా, కాసేపు ఆగి ఆగి రావడం. ఇవి రాకముందే కుటుంబానికి ఒక్కొక్కటీ వివరించండి. ఊపిరి ఆగి మళ్లీ తీసుకోవడం ముందే తెలియని తండ్రి బిడ్డను కుదిపి లేపుతాడు. గడువు చెప్పకండి. పిల్లల గుండె బలమైనది, గంటలనుకున్నది రోజులవుతుంది.

ఈ దశలో బీపీ చూడటం, అలారం మోగే మానిటరు, విటమిన్లు, రక్త పరీక్షలు ఒక్కొక్కటిగా డాక్టరుతో మాట్లాడి ఆపించండి. తెర ఆపకపోతే తల్లి బిడ్డను వదిలి అంకెలు చూస్తుంది. నొప్పి, ఫిట్స్ మందులు మాత్రం ఆపొద్దు, మింగలేకపోతే దారి మార్చండి. తిండి తగ్గడం గురించి కుటుంబంతో ఓపిగ్గా మాట్లాడాలి. ఒంటికి ఇక దాన్ని అరిగించుకునే శక్తి లేదని, బలవంతంగా పోస్తే వాంతులు, ఆయాసం పెరుగుతాయని చెప్పి, పెదవులు తడపడం, ఒళ్లో పెట్టుకోవడం లాంటి పనులు చూపించండి. తల్లికి చేయడానికి ఏదో ఒకటి ఉండాలి. చివరి వేళలో ఊపిరి నెమ్మదించడం జబ్బు వల్లే, సరైన మోతాదులో ఇచ్చిన మార్ఫిన్ వల్ల కాదు. ఆఖరి డోసు తన చేత్తో ఇచ్చిన తల్లికి ఈ మాట స్పష్టంగా చెప్పకపోతే ఆమె జీవితాంతం తననే నిందించుకుంటుంది.

ఆ తర్వాత

తొందరపెట్టకండి. ఎత్తుకోవడానికి, స్నానం చేయించడానికి, బట్టలు మార్చడానికి వాళ్లకు సమయమివ్వండి, కావాలంటే సాయం చేయండి. బిడ్డను పేరుతోనే పిలవండి. చేతి ముద్ర, చిన్న జుట్టు పాయ కావాలా అని అడగండి, అడక్కుండా తీయకండి. పోస్ట్‌మార్టం అవసరమయ్యే కేసైతే ట్యూబులు తీయకూడదు, ముందు డాక్టరును అడిగి కుటుంబానికి కారణం చెప్పండి.

పాలిచ్చే తల్లికి బిడ్డ పోయాక కూడా పాలు వస్తాయి. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పరు, రెండో రోజో మూడో రోజో రొమ్ములు గట్టిపడి నొప్పితో ఆమె ఒంటరిగా తల్లడిల్లుతుంది. వెళ్లేముందే చెప్పండి: ఒంటికి సరిపోయే బిగువైన లోదుస్తులు, చల్లటి పట్టీలు, నొప్పి తగ్గేంత మాత్రమే కొద్దిగా పిండటం, పూర్తిగా ఖాళీ చేయకపోవడం. జ్వరం వచ్చినా, ఒకచోట ఎర్రబడినా డాక్టరును కలవాలి. పాలు ఆపే మందు కూడా ఉందని, డాక్టరును అడగొచ్చని చెప్పండి.

మిగిలిన మార్ఫిన్, మిడజోలామ్ ఇద్దరు నర్సులు లెక్కపెట్టి, రాసి, పద్ధతి ప్రకారం తిప్పి పంపండి. ఇంట్లో ఉన్న సీసాల గురించి కూడా అడగండి. మొదటి వారంలో ఒకసారి, తర్వాత నెల రోజులకు కుటుంబానికి ఫోన్ చేసేది ఎవరో పేరు రాసి పెట్టండి, లేకపోతే ఎవరూ చేయరు.

బిడ్డ పోయిన షిఫ్టులో ఉన్న నర్సుకు ఇంటికి వెళ్లేముందు పదిహేను నిమిషాలు ఎవరైనా ఇవ్వాలి: ఏం బాగా జరిగింది, ఏ మందు చేతికి అందలేదు, ఏ మాట దగ్గర తడబడ్డాం. డ్యూటీ చార్టు వేసే సిస్టర్ ఆమెకు మరుసటి రోజే ఇంకో ఆఖరి దశ బిడ్డను అప్పగించకూడదు.